చిక్కడపల్లిలో ఓ వాటా

ఓవైపు గజ్జెల చప్పుడు, మరోవైపు అజాన్. మధ్యలో సినిమాహాలు ముందు తీన్‌మార్ డప్పు. గోదావరి డెల్టాలోని రామచంద్రపురం నుంచి వచ్చి హైదరాబాద్ నడిబొడ్డున కాపురం పెట్టిన ఓ కుటుంబం చెబుతున్న పేట కథ ఇది.

చిక్కడపల్లి పేరుకు తగ్గ పేట. అక్కడ అద్దె ఇల్లు ఓ పట్టాన చిక్కదు. చిక్కినా ఏదో ఒక వంక ఉంటుంది. గదులు బాగుంటే మెట్లు ఇరుకు. మెట్లు బాగుంటే నీళ్లు రావు. రెండూ బాగుంటే పక్కనే ఫంక్షన్ హాలు. అయినా ఒకసారి చేరినవాళ్లు అక్కణ్నుంచి కదలరు. ఎందుకని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెబుతారు. గుడి దగ్గరని ఒకరు, లైబ్రరీ దగ్గరని మరొకరు. సాయంత్రం ఆరయ్యేసరికి చెప్పులేసుకుని నడిచి వెళ్తే ఎక్కడో ఓచోట పాటో, పద్యమో, ఉపన్యాసమో ఉంటుందని ఇంకొకరు. మా ఇంట్లో మూడో కారణమే పనిచేసింది.

మ్యాపులో చూస్తే అది చిన్న ముక్కే. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి నారాయణగూడ వెళ్లే రోడ్డు, దానికి అటూ ఇటూ గల్లీలు. ఓ పక్క ముషీరాబాద్, ఓ పక్క బాగ్‌లింగంపల్లి, మరో పక్క అశోక్‌నగర్. ఇంకాస్త ముందుకెళ్తే బర్కత్‌పురా, కాచిగూడ. హైటెక్ సిటీ అద్దాల మేడలు చూసి ఇదే హైదరాబాద్ అనుకునే కొత్తతరానికి ఈ పేరు చెబితే "అక్కడేముంది?" అంటారు. ఏముందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఇప్పుడా వెళ్లేది?

2014 వేసవి. జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. గోదావరి జిల్లాల్లో ఏ అరుగు మీద చూసినా అదే చర్చ. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఉండాలా, వెనక్కి వచ్చేయాలా? సరిగ్గా అప్పుడే మేం పెట్టేబేడా సర్దుకుని అటు బయల్దేరాం. "అందరూ ఇటొచ్చేద్దామా అని చూస్తుంటే నువ్వు అటెళ్తావేంట్రా?" అని మా బాబాయి రామచంద్రపురం బస్టాండులో నలుగురి ముందూ అడిగేశాడు.

అడగడంలో తప్పులేదు. నా ఉద్యోగం అంతకు ముందునుంచే హైదరాబాద్‌లో. నేను హాస్టల్ గదిలో, భార్యాపిల్లా ఊళ్లో నాన్న దగ్గర. అమ్మ పోయాక నాన్న మాట తగ్గించేశాడు. ఇల్లు కదిలి అందరం ఒకచోట ఉండాలనుకున్నాం. కానీ నాన్నను కదపడం ఎలా? రిటైరైన తెలుగు మాస్టారు. వయసులో ఉండగా తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో కృష్ణుడి వేషం కట్టినవాడు. చుట్టుపక్కల ఊళ్లలో వన్స్‌మోర్‌లు కొట్టించుకున్నవాడు. జంటకవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిది మన కడియమేనని ఇప్పటికీ గర్వంగా చెబుతాడు. ఉదయం కోట వీధి, సాయంత్రం కాలవ గట్టు, కార్తీకంలో ద్రాక్షారామం భీమేశ్వరుడు... ఆయన రోజు, ఆయన ఏడాది అలా గడిచిపోయేవి. "పెద్దాయన్ని తీసుకెళ్లి ఆ అపార్టుమెంటులో పెడితే ఆరు నెలలు ఉంటాడా?" అని బంధువులు మొహం మీదే అన్నారు.

ఆఫీసువాళ్లేమో కూకట్‌పల్లి వెళ్లమన్నారు. అక్కడ సగం మంది మన గోదావరివాళ్లే, పెద్దాయనకు తోచుబాటు అవుతుందన్నారు. నిజమే. కానీ నాన్న ఒకటే అడిగాడు. "అక్కడ పద్యం పాడేవాళ్లు ఉంటార్రా?" దానికి జవాబు వెతుక్కుంటూ వెళ్లి చిక్కడపల్లిలో తేలాం.

కిరాయి కాదు, పరీక్ష

రామచంద్రపురంలో అద్దె అంటాం. ఇక్కడ కిరాయి. అక్కడ సందు, ఇక్కడ గల్లీ. పదకొండు ఇళ్లు చూశాక పన్నెండో ఇల్లు కుదిరింది. పాత డాబా, కింద వాటా. పై వాటాలో ఓనరమ్మగారు. ఆవిడ మమ్మల్ని చూసి ముందు అడిగింది ఊరూ పేరూ కాదు. "పైన నా కోడలు పిల్లలకు డాన్స్ నేర్పుతది. పొద్దుమీకి గజ్జెల చప్పుడైతది. తర్వాత ఏమనొద్దు" అంది. నాన్న మొహంలో ఏడాదిగా కనిపించని వెలుగు. "అననండి తల్లీ, తాళం తప్పితే మాత్రం అంటాను" అన్నాడు. ఆవిడ పకపకా నవ్వింది. అడ్వాన్సు ఆ నవ్వుతోనే సగం తగ్గింది.

ఉద్యోగం మాత్రం దూరమైంది. హైటెక్ సిటీకి రెండు బస్సులు మారాలి. అప్పుడు మెట్రో పనులు జరుగుతున్నాయి. తవ్వకాలు, దుమ్ము, ట్రాఫిక్ మళ్లింపులు. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా మెట్రో మొదలయ్యాకే చిక్కడపల్లికి స్టేషన్ వచ్చింది. అంతవరకు నేను రోజుకు మూడు గంటలు రోడ్డుమీదే. పేటను ఎంచుకోవడమంటే ఇదే. ఇంట్లో ఒకరికి దగ్గరైంది ఇంకొకరికి దూరమవుతుంది. ఎవరి దూరాన్ని ఎవరు మోస్తారన్నది ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవాలి. మా ఇంట్లో ఆ దూరం నేను మోశాను.

సభ జరగని సాయంత్రం ఉండదు

చిక్కడపల్లికి గుండెకాయ త్యాగరాయ గానసభ. 1966లో మొదలైన ఈ సభ పేరు చెబితే ఆటోవాళ్లు ఇంకేమీ అడగరు. కర్ణాటక కచేరీలు, కూచిపూడి ప్రదర్శనలు, నాటకాలు, హరికథలు, అవధానాలు, పుస్తకావిష్కరణలు, ఘంటసాల పాటల రాత్రులు... కింద పెద్ద హాల్లో ఒకటి, చిన్న వేదిక మీద మరొకటి. ఒకే సాయంత్రం రెండు మూడు కార్యక్రమాలు జరగడం ఇక్కడ మామూలే. చాలావాటికి టికెట్ ఉండదు. వెళ్లి కూర్చోవడమే.

కళలంటే గోదావరి జిల్లాలవాళ్లకు కొత్తేం కాదు. కాకినాడలో సరస్వతీ గానసభకు నూరేళ్లు దాటాయి. అదే ఊళ్లోని యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల నుంచే ఎస్వీ రంగారావు, అంజలీదేవి వంటివాళ్లు వెండితెరకు వెళ్లారు. కానీ రామచంద్రపురం లాంటి ఊళ్లో కళ పండగతో వస్తుంది, పండగతో వెళ్తుంది. శివరాత్రికి నాటకం, దసరాకు హరికథ, శ్రీరామనవమికి పందిట్లో కచేరీ. ఆ రాత్రి ఊరంతా అక్కడే. మర్నాటి నుంచి మళ్లీ ఎదురుచూపులే. ఇక్కడ అలా కాదు. మంగళవారం సాయంత్రం, ఏ విశేషమూ లేని రోజున కూడా ఎవరో ఒకరు తంబూరా శ్రుతి చేసుకుంటూ ఉంటారు.

అలాగని అంతా అమృతమే అనుకోకండి. కొన్ని సభల్లో కింద కూర్చున్నవాళ్ల కంటే వేదిక మీద కూర్చున్నవాళ్లే ఎక్కువ. అధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి... ఒక్కొక్కరికీ ఓ శాలువా, ఓ మెమెంటో. పాట పది నిమిషాలు, సన్మానం గంట. నాన్న దానికో ఉపాయం కనిపెట్టాడు. ఆరు గంటల సభకు ఏడింటికి వెళ్తాడు. "దీపాలూ దండలూ అయిపోతాయిరా. అసలు పాట అప్పుడే మొదలవుతుంది" అంటాడు.

మూడో నెలలో ఓ సాయంత్రం పద్య నాటకాల మీద కార్యక్రమం. పాడాల్సినాయన రావడం ఆలస్యమైంది. నిర్వాహకులు కంగారు పడుతున్నారు. ముందు వరుసలోని నాన్నను ఎవరో చూపించారు. మొహమాటపడుతూనే వేదిక ఎక్కాడు. రాయబారం పద్యం అందుకున్నాడు. హాల్లో ముప్ఫై మందికి మించి లేరు. చివరి రాగం తీస్తుండగా వెనక వరుసలోంచి ఓ పెద్దాయన గట్టిగా "వన్స్‌మోర్" అన్నాడు. తర్వాత పరిచయమయ్యారు. ఆయనది నల్లగొండ. ఊళ్లో చిన్నప్పుడు చిందు భాగవతం చూస్తూ పెరిగారట. ఆ రోజు నుంచి ఇద్దరూ జంట. ఒకరు యక్షగానం గురించి చెబితే మరొకరు పద్య నాటకం గురించి చెబుతారు. ఏది గొప్పదన్నది పదేళ్లయినా తేలలేదు. తేలకూడదనే ఇద్దరి కోరికా.

పుస్తకాలకూ పునర్జన్మ

గానసభ నుంచి నాలుగడుగులు వేస్తే నగర కేంద్ర గ్రంథాలయం. పొద్దున్నే అక్కడికి వెళ్లి చూడండి. నవలలు చదివేవాళ్ల కంటే గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ ఉద్యోగాలకు తయారయ్యే కుర్రకారే ఎక్కువ. ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, ఖమ్మం... జిల్లాల నుంచి వచ్చి అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉంటారు. లోపల చోటు లేకపోతే బయట చెట్టు కింద కూర్చుని చదువుతారు. వాళ్ల కోసం పుట్టినవే ఇక్కడి కర్రీ పాయింట్లు, జిరాక్సు షాపులు, పాత పుస్తకాల దుకాణాలు. కళలంటూ మాట్లాడుకునే పేటకు ఈ పిల్లల ఆకలి కూడా తెలుసు. అందుకే ఇక్కడ ఇంకా చవగ్గా భోజనం దొరుకుతుంది.

బాగ్‌లింగంపల్లి వైపు వెళ్తే సుందరయ్య విజ్ఞాన కేంద్రం. 1985లో కన్నుమూసిన కమ్యూనిస్టు నేత పుచ్చలపల్లి సుందరయ్య పేరిట కట్టింది. అందులో ఓ హాలుకు దొడ్డి కొమురయ్య పేరు, మరో హాలుకు షోయబ్ పేరు. 1946లో కడవెండిలో తూటాకు బలైన రైతుబిడ్డ కొమురయ్య. నిజాం రాజ్యం భారతదేశంలో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో ఇక్కడికి దగ్గరలోని కాచిగూడలోనే హత్యకు గురైన ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్. ఒకరిది తెలుగు పల్లె, ఒకరిది ఉర్దూ కలం. ఒకే కప్పు కింద ఇద్దరి పేర్లూ ఉండటమే ఈ పేట స్వభావం.

ఆ గ్రంథాలయంలో తెలుగు, ఇంగ్లిషు పుస్తకాల పక్కనే అపురూపమైన ఉర్దూ భండారం ఉంది. అబ్దుస్సమద్ ఖాన్ అనే పుస్తక ప్రేమికుడు జీవితమంతా పోగుచేసిన పుస్తకాలు, పత్రికలు అవి. 2000 ఆగస్టులో హైదరాబాద్‌ను వరద ముంచెత్తినప్పుడు ఆ పుస్తకాలు నీట మునిగాయి. వాటిని ఆరబెట్టి, బాగుచేసి నిలబెట్టే పనిలో ఇక్కడివాళ్లతోపాటు అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయం కూడా పాలుపంచుకుంది. ఈ సంగతి విన్నప్పుడు నాన్న చాలాసేపు మాట్లాడలేదు. 1986 గోదావరి వరద చూసినవాడాయన. తడిసిన పుస్తకం బరువెంతో డెల్టావాళ్లకు వేరే చెప్పాలా?

ఆనపకాయకు ఎన్ని పేర్లు!

ఇంట్లో అసలు చదువు మాత్రం కూరగాయల బండి దగ్గరే జరిగింది. మా ఆవిడ "ఆనపకాయ ఎంతండీ?" అంటే బండి అమ్మాయికి వెంటనే అర్థమైంది. వాళ్ల ఇంట్లో ఆనిగెపుకాయ అంటారట. గోరుచిక్కుడు దగ్గర మాత్రం ఆగిపోయింది. "గోకరకాయనా అక్కా?" వేరుశనగ గుళ్లు పల్లీలయ్యాయి. నెల తిరిగేసరికి మా ఆవిడ రెండు భాషల్లోనూ బేరమాడటం నేర్చుకుంది. రెండింట్లోనూ ధర తగ్గలేదు, అది వేరే విషయం.

మా గల్లీలో పదిహేను ఇళ్లు. తెలంగాణ తెలుగు, గోదావరి తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడం, మార్వాడీ... అన్నీ వినిపిస్తాయి. కాచిగూడలో కన్నడిగులు నడిపే నృపతుంగ స్కూలుంది. నారాయణగూడలో వైఎంసీఏ ఉంది. ముషీరాబాద్ మసీదు అజాన్ వినిపించే వేళకే చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడి గంట మోగుతుంది. ఓనరమ్మ కోడలి దగ్గర నేర్చుకునే పిల్లలకు కూచిపూడి దుస్తులు కుట్టేది వీధి చివరి టైలర్ సాబ్. విసనకర్రలా విచ్చుకునే ఆ కుచ్చిళ్లు ఎన్ని మడతలుండాలో, ఏ మడత మీద అంచు పడాలో ఆయనకు తెలిసినంత బాగా మా అమ్మాయికి కూడా తెలియదు. "డాన్స్ మీది, గిర్రున తిరిగేది నా బట్ట" అంటాడు.

ఆషాఢం వస్తే బోనాలు. మొదటి ఏడాది మేం గుమ్మంలో నిలబడి చూశాం. రెండో ఏడాది ఓనరమ్మ మా ఆవిడను పిలిచి నెత్తిన బోనం పెట్టింది. దసరా ముందు బతుకమ్మ. తంగేడు, గునుగు పూలు ఎలా పేర్చాలో మా అమ్మాయి నేర్చుకుంది. బదులుగా సంక్రాంతి నెలలో ముగ్గు మధ్య గొబ్బెమ్మలు పెట్టడం గల్లీకి నేర్పింది. రంజాన్‌లో టైలర్ సాబ్ ఇంటినుంచి సేమ్యా వస్తుంది. మేం ఊరినుంచి తెచ్చిన తాపేశ్వరం కాజా వాళ్లింటికి వెళ్తుంది. వినడానికి పాఠ్యపుస్తకంలో పాఠంలా ఉంటుంది. నిజానికి దీని వెనక నీళ్ల మోటారు గొడవలు, బండి పార్కింగ్ తగువులు కూడా ఉన్నాయి. తగువు పడ్డ మర్నాడు కూడా ఎదురుపడాల్సిందే కాబట్టి ఎవరూ గీత దాటరు. పేట నేర్పే మర్యాద అది.

విభజన మాటకొస్తే, బాబాయి భయపడ్డట్టు ఏమీ జరగలేదు. మాటలు పడలేదని కాదు. "మీ ఆంధ్రోళ్లు" అని ఎవరో ఒకరు అనేవారు. నాన్న మాస్టారు కదా, కోపం తెచ్చుకోకుండా వినేవాడు. నల్లగొండ పెద్దాయనే ఓ రోజు ఆయనకు ఉద్యోగాల కథ, నీళ్ల కథ, తమ యాసను సినిమాల్లో వెక్కిరించిన కథ పూసగుచ్చినట్టు చెప్పారు. "ఇన్నేళ్లూ పాఠం చెప్పాను గానీ ఈ పాఠం ఎవరూ నాకు చెప్పలేదురా" అన్నాడు నాన్న ఆ రాత్రి. పక్కపక్కన కూర్చుని పాట విన్నవాళ్ల మధ్య ఇలాంటి మాట కూడా నిమ్మళంగా నడుస్తుంది.

శుక్రవారం హడావుడి

శాస్త్రీయ సంగీతం ఒక్కటే కళ అనుకునేవాళ్లు శుక్రవారం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కు రావాలి. సంధ్య, సుదర్శన్, దేవి... తెలుగు సినిమా జాతకం తేలేది ఇక్కడేనని పరిశ్రమలో పేరు. పెద్ద హీరో సినిమా విడుదలైతే కటౌట్లు, పాలాభిషేకాలు, డప్పులు. హైదరాబాద్‌లో మల్టీప్లెక్సులు ఎన్ని వచ్చినా, ప్రేక్షకుల నాడి చూడటానికి సినిమావాళ్లు ఇక్కడికే వస్తారు. ఆట వదిలాక జనమంతా బిర్యానీ హోటళ్ల మీద పడతారు. ఆ రోజు మా గల్లీలోకి బండి రావడం కష్టం. నాన్న మాత్రం మేడమీద నుంచి చూసి మురిసిపోతాడు. "మా రోజుల్లో నాటకానికి ఇంత జనం వచ్చేవార్రా!"

పేట మారిపోతోంది

ఈ పదేళ్లలో చాలా మారింది. పాత డాబాలు కూలి ఐదంతస్తుల అపార్టుమెంట్లు లేచాయి. 2023 ఆగస్టులో ఇందిరాపార్కు నుంచి వీఎస్టీ దాకా రెండు కిలోమీటర్లకు పైగా ఉక్కు వంతెన తెరిచారు. క్రాస్‌రోడ్స్ దగ్గర ఆగకుండా పైనుంచే వెళ్లిపోవచ్చు. మంచిదే. కానీ ఆగకుండా వెళ్లిపోయేవాళ్లకు కింద ఏ సభ జరుగుతోందో తెలియదు. మెట్రో వచ్చాక అద్దెలు పెరిగాయి. ఒక గదిలో ఉంటూ సంగీతం చెప్పుకునే మాస్టార్లు శివార్లకు తరలిపోతున్నారు. కళాకారులున్నారని పేరు రావడం వల్ల పేటకు విలువ పెరుగుతుంది. ఆ పెరిగిన విలువే ముందుగా కళాకారుడిని బయటికి పంపుతుంది. ఇది చిక్కడపల్లి ఒక్కదాని కథ కాదు. లండన్, న్యూయార్క్‌లలోనూ కళాకారుల పేటలు ఇలాగే ఖరీదైపోయాయి.

గానసభలో తల నెరిసినవాళ్లే ఎక్కువ. అమ్మాయి నాట్యం చేస్తే అమ్మానాన్నలు వస్తారు, ఫోన్లో వీడియో తీసుకుంటారు, తమ పిల్ల వంతు అవగానే లేచి వెళ్లిపోతారు. తర్వాతి పిల్లకు కుర్చీలే ప్రేక్షకులు. కళాభిమానుల పేటలో ఇల్లు తీసుకుంటే సరిపోదు. రెండో పాట దాకా కూర్చోవాలి. పక్కింటి పిల్ల ఆడేటప్పుడు కూడా చప్పట్లు కొట్టాలి. పేట బతికేది దానివల్లే. మా అమ్మాయికి నాన్న పెట్టిన నియమం అదొక్కటే. నీ వంతు అయ్యాక వెనక వరుసలో కూర్చుని చివరిదాకా చూడు, తర్వాతే ఇంటికి.

పోయినేడు నాకు ఆఫీసు దగ్గర గచ్చిబౌలిలో ఫ్లాటు చూశాం. పదిహేనో అంతస్తు, లిఫ్టు, పార్కు, ఈతకొలను... అన్నీ ఉన్నాయి. నాన్న శ్రద్ధగా చూశాడు. బాల్కనీలో నిలబడి కిందికి తొంగిచూశాడు. "బాగుంది. ఇక్కడ పొరుగింటి చప్పుడు కూడా వినబడదు కదా" అన్నాడు. అమ్మినాయన అది మెచ్చుకోలు అనుకుని "అస్సలు వినబడదండీ" అన్నాడు సంబరంగా. మా ఆవిడా నేనూ మొహాలు చూసుకున్నాం. అడ్వాన్సు ఇవ్వకుండానే లేచాం.

బాబాయి ఈమధ్య మోకాలి ఆపరేషన్ కోసం వచ్చి మా ఇంట్లో నెల్లాళ్లున్నాడు. చేతికర్రతో రోజూ నాన్న వెంట గానసభకు వెళ్లాడు. తిరుగు ప్రయాణానికి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కించడానికి వెళ్లినప్పుడు కిటికీలోంచి నన్ను దగ్గరికి పిలిచాడు. ఊరికి రమ్మంటాడేమో అనుకున్నాను. "మీ గల్లీలో వాటా ఏదైనా ఖాళీ అయితే ముందు నాకు ఫోన్ చెయ్యరా" అన్నాడు.

చూస్తానన్నాను. చిక్కడం మాత్రం కష్టమే.